లేజర్ ముఖానికి పసుపు

వచ్చిన మంచి సంబంధాన్ని సొంత ముఖంతోనే చెడగొట్టుకోవడం ఎలాగో తెలుసుకోవాలనుందా? అయితే నా దగ్గర కూర్చోండి. ఈ విద్యలో నన్ను మించినవాడు పాతబస్తీలో లేడు.

సెల్‌ఫోన్లు అందరి జేబుల్లోకీ వచ్చిన కొత్తలో సంగతి. ఇంట్లో బర్రెలు, ఉస్మాన్‌గంజ్‌లో చిన్న పప్పుల దుకాణం. దేనికీ లోటు లేదు. లోటల్లా నా బుగ్గలకే. మొటిమలు పోతూ పోతూ గుంటలు తవ్వి మరీ పోయాయి.

"అరే భాయ్, గిది మొఖమా, వానలు పడ్డంక మన సడకా?" అనేవాడు పక్క దుకాణం ఖాలిద్.

ఆదివారం పిల్ల తరఫువాళ్లు మా ఇల్లు చూడటానికి వస్తున్నారని తెలిసేదాకా నేనూ నవ్వేవాణ్ణే. ఫోటోలో ఆ అమ్మాయి నాకు తెగ నచ్చింది. వాళ్లకు పంపిన నా ఫోటోలో మాత్రం స్టూడియోవాడు గుంటలన్నీ శుభ్రంగా పూడ్చేశాడు. ఇప్పుడు అసలు ముఖం ఎలా చూపించను?

గురువారమే పంజాగుట్టలో ఒక లేజర్ క్లినిక్‌కు పరుగెత్తాను.

"ఒక్కసారితో పోవండీ, నాలుగైదుసార్లు రావాలి," అంది డాక్టరమ్మ. "వారం పాటు ఎర్రగా ఉంటుంది, పొక్కు కడుతుంది. మేమిచ్చే క్రీము తప్ప ఇంకేం రాయొద్దు. ఇంట్లో ఫంక్షనేం లేదు కదా?"

"అబ్బే, ఏం లేదు మేడమ్!"

నా ధీమా చూశారా? ఆదివారం చుట్టాలొస్తున్నారంటే లేజర్ కూడా కాస్త తొందరపడుతుందనుకున్నాను. చిటపటలు, వెంట్రుకలు కాలిన వాసన అన్నీ భరించి ఇంటికొచ్చి అద్దం చూస్తే, పెనం మీంచి దించిన సర్వపిండి రొట్టె కనిపించింది. చిల్లులతో సహా.

అమ్మ గుండెలు బాదుకుంది. "కొడకా! నీ మొఖం ఎవడు కాల్చిండ్రా?"

"కాల్చలేదమ్మా. లేజర్ జేపిచ్చుకున్న. గుంటలు పోతయట."

"పైసలిచ్చి కాల్పిచ్చుకున్నవా? గా పని గీడ పొయ్యికాడ నేను ఊకెనే జేస్తుంటి గదరా!"

ఆదివారం పొద్దున ముఖానికి చల్లగా ఏదో తగిలి మెలకువ వచ్చింది. మా బర్రె వెన్నలో పసుపు కలిపి అమ్మ మెడదాకా పట్టించేసింది. పరుగెత్తి కడిగాను. వెన్న పోయింది, పసుపు పోలేదు. పొక్కుల మీద గట్టిగా రుద్దలేను కదా! అంతలో గుమ్మం ముందు ఆటో ఆగింది.

పిల్ల తండ్రి లోపలికి అడుగు పెడుతూనే ఆగిపోయాడు. నా పచ్చటి ముఖం చూశాడు, అమ్మ పచ్చటి చేతులు చూశాడు.

"ఏంది గిది? పిల్లగాన్ని పెండ్లికొడుకును జేసిండ్రా? పెండ్లి ఎవలతోని?"

"అయ్యో, గట్లేం లేదన్నా!" అంది అమ్మ.

"మరి పసుపు ఊకెనే పెడ్తరా? ఇంటికి పిలిచి ఇజ్జత్ దీస్తరా?" అంటూ ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

ఆ అమ్మాయి నాకిక దక్కదని ఏడుపొచ్చేసింది. సిగ్గు వదిలేసి అరిచాను. "మామా, ఆగుండ్రి! ఫోటోల ఉన్న మొఖం నాది గాదు! గుంటలు కనవడొద్దని లేజర్ జేపిచ్చుకున్న. మొఖం గాలింది, అమ్మ పసుపు పెట్టింది!"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, చెప్పులు విడిచి, మంచం మీద కూలబడి పగలబడి నవ్వాడు. "ఓరి పిచ్చోడా! పిల్లనిచ్చేటోళ్లం ఊకెనే వస్తమా? నెల సంది నీ దుకాణంల పప్పు గొంటున్న, గిరాకీల నడుమ నువ్వే నన్ను గుర్తువట్టలే. నీ గుంటలు నాకు ఎర్కనే!"

వెంట వచ్చిన పిల్ల నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

"ఒక్కపారి పసుపు పెట్టినంక పెండ్లి ఆపొద్దు బిడ్డా. పంతులును పిలువుండ్రి," అంది.

పిలిచారు. ముహూర్తం కూడా అక్కడే పెట్టేశారు.

అందుకే మా బర్రెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ లేజర్ జోలికి పోను. పోతే ముఖం కాలుతుంది, కాలితే అమ్మ పసుపు పెడుతుంది, పసుపు పెట్టాక పెళ్లి ఆపకూడదు. ఈసారి మా ఆవిడ ఊరుకోదు.