షష్టిపూర్తి నాటి శ్రద్ధాంజలి

మా వీధి బాబాయిగారు మొన్న తెల్లవారుజామున పోయారు. నాకు ఫోన్ చేసింది మా ఊరి కేబుల్ టీవీ ఓనరుగారు. "బాబాయిగారు పోయారమ్మా" అని, కాస్త ఆగి, "ఈసారి నిజంగానే" అన్నారు. ఆ మాటకి ఆయనా నవ్వలేదు, నేనూ నవ్వలేదు. వినుంటే బాబాయిగారొక్కరే నవ్వేవారు.

'ఈసారి' అని ఎందుకన్నారో మా ఊళ్లో చిన్నపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. మీకు మాత్రం నేనే చెప్పాలి. ఆయన్ని మొదటిసారి చంపింది నేను.

మాది కొవ్వూరు దగ్గర ఊరు. ఆయన నాకు సొంత బాబాయి కాదు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే రైతు. నేను రోజూ గోదావరి దాటి రాజమండ్రి వెళ్లి కంప్యూటర్ కోర్సు చేసి, మా ఊరి కేబుల్ ఆఫీసులోనే పనికి కుదిరాను. అప్పట్లో లోకల్ చానల్లో సినిమా పాటల మధ్యలో ఊళ్లోవాళ్ల ఫొటోలు వేసేవాళ్లం. పుట్టినరోజులకీ పెళ్లిళ్లకీ పూల చట్రంలో శుభాకాంక్షలు, పోయినవాళ్లకి దీపం బొమ్మతో శ్రద్ధాంజలి. ఆ రెండింటినీ నడిపే ప్రోగ్రాం నేనే రాశాను. ఆడపిల్ల సొంతంగా రాసిందని ఊరంతా మెచ్చుకుంటుంటే నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ప్రోగ్రాంలో శుభాకాంక్షలకి ఒక తెర, శ్రద్ధాంజలికి ఒక తెర. మనం ఏ తెరలో ఉండి ఫొటో ఎంచుకుంటే ఆ తెరే దాన్ని అందుకోవాలి. అందుకని తెర తెరవగానే 'ఫొటో వస్తుంది, కనిపెట్టుకుని ఉండు' అని దానికొక లిజనర్ తగిలిస్తాం. ఇంకో తెరకి వెళ్లేటప్పుడు 'ఇక నీ పని అయింది' అని దాన్ని తీసెయ్యాలి. నేను తగిలించడం రాశాను. తీసెయ్యడం రాయలేదు.

ఆ రోజు పొద్దున్నే ఎవరికో శ్రద్ధాంజలి వేసి, తెర మార్చి, బాబాయిగారి షష్టిపూర్తి ఫొటో ఎంచుకున్నాను. పూల చట్రంలో పెళ్లికొడుకులా వచ్చారు. మురిసిపోయి టిఫినుకెళ్లాను. వెనకాల పాత తెర కూడా ఇంకా కనిపెట్టుకునే ఉంది కదా, అదీ ఆ ఫొటో అందుకుంది. రెండు పాటలయ్యేసరికి బాబాయిగారు దీపం పక్కన, 'ఆత్మకు శాంతి కలుగుగాక' అన్న అక్షరాల మీద, ఊరందరికీ దర్శనమిచ్చారు.

భోజనాలకి రావలసిన దాయాదులు మైలొచ్చిందని తలారా నీళ్లు పోసుకుని ఇళ్లల్లోనే కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులు, రాలేనన్న బాబాయిగారి తణుకు అక్కగారు మాత్రం ఎవరో ఫోన్ చేస్తే కారు కట్టించుకుని వచ్చి, వీధి మొదట్లోనే శోకాలు పెడుతూ దిగారు. పందిట్లో ఆ తమ్ముడే బంతిలో బూరెలు వడ్డిస్తున్నారు.

ఇదంతా తర్వాత ఊళ్లో కథలా చెప్పుకుని నవ్వుకున్నారు. కానీ షష్టిపూర్తి అంటే భర్త భార్యకి మళ్లీ తాళి కట్టే రోజు. పిన్నిగారి మెడలో కొత్త పసుపుతాడు తడి కూడా ఆరలేదు. ఎదురుగా టీవీలో మొగుడి పక్కన దీపం.  ఆవిడ లేచి టీవీ కట్టేసి, తాళి గుప్పిట్లో పట్టుకుని దేవుడి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారట.

సాయంత్రం బాబాయిగారు పట్టుపంచెతోనే కేబుల్ ఆఫీసుకొచ్చారు. ఓనరుగారు నన్ను వెనక గదిలోకి పొమ్మని సైగ చేశారు. నేను కంప్యూటరు ముందే ఉండిపోయాను.

"ఏదమ్మా, నన్నెలా చంపావో చూపించు" అన్నారు, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

ఏడుస్తూనే చూపించాను. ఒక తెర, రెండో తెర, తీసెయ్యని లిజనర్. ఆయన బుగ్గకి చెయ్యి ఆనించుకుని విన్నారు.

"ఓస్, ఇంతేనా? నీళ్ల వంతు మారినప్పుడు పాత బోదె కాలవ కట్టకుండా కొత్తది తెరిచావన్నమాట. రెండు చేలకీ నీళ్లు పోయాయి. మన ఊళ్లో దీనికి తలకాయలు పగిలాయి గానీ, మనుషులు పోలేదే!"

ఓనరుగారు నన్ను పనిలోంచి తీసేస్తానంటే, "చచ్చాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందండి. నా ఆయుష్షు పెంచిన పిల్లని తీసేస్తారా?" అని ఆయనే ఆపారు. మరుసటి ఏడు పుట్టినరోజుకి తనే ఫొటో పట్టుకొచ్చి, "ఆ అమ్మాయే వెయ్యాలి" అని పట్టుబట్టారు. నేను వేస్తుంటే వెనకాల నిలబడి, పాటలన్నీ అయ్యేదాకా చూసి, "బతికే ఉన్నానమ్మోయ్" అని భుజం తట్టి వెళ్లారు.

ఆయన పొలం నుంచి వస్తూ ఆఫీసు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి వెళ్లేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ వక్కపలుకులుండేవి. ఆత్రేయపురం వెళ్తే పూతరేకులు తెచ్చి, పొడి రాలకుండా తినడం ఎలాగో మాకు పాఠం చెప్పి, తన పంచె నిండా రాల్చుకునేవారు. కొత్తవాళ్లెవరైనా ఉంటే నన్ను చూపించి, "మా యమధర్మరాజుగారమ్మాయి" అని పరిచయం చేసేవారు. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

ఎందుకంటే పిన్నిగారు నవ్వలేదు. ఆ రోజు తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు. వీధిలో ఎదురుపడితే కొంగు భుజాల చుట్టూ కప్పుకుని పక్కకి తప్పుకునేవారు. నేనూ అంతకు ముందే తప్పుకునేదాన్ని. బాబాయిగారే క్షమించేశాక ఇంకేముందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఒకసారి ఆయనే, నవ్వకుండా, "చచ్చింది నేనైనా బెదిరింది ఆవిడమ్మా. నా దగ్గర ఏడిస్తే ఏం లాభం? ఒకసారి లోపలికి వెళ్లి కనపడు" అన్నారు. "అలాగేనండి" అన్నాను. రాజమండ్రిలో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాను. వచ్చినప్పుడల్లా ఆయన్ని అరుగు మీదే పలకరించి, గుమ్మం దాకా వెళ్లకుండా తిరిగొచ్చేదాన్ని. ఆయన నవ్వు చాటున అన్నేళ్లు దాక్కున్నాను.

మొన్న బస్సులో బ్రిడ్జి దాటుతుంటే నాకొచ్చిన ఆలోచన రాయడానికి చెయ్యి రావడం లేదు. రాసేస్తాను. అయ్యో బాబాయిగారు అనుకోలేదు నేను. పిన్నిగారు నన్ను చూసి నలుగురిలో ఏమంటారో అనుకున్నాను. అంత మంచి మనిషి పోతే, దారి పొడుగునా నా పరువు గురించే ఆలోచించాను.

ఆయన్ని సావిట్లో చాప మీద పడుకోబెట్టారు. పిన్నిగారు కాళ్ల దగ్గర కూర్చున్నారు. నేను గుమ్మం బయటే నిలబడిపోయాను. ఆడవాళ్లు నన్ను గుర్తుపట్టి ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడ తలెత్తారు.

"అక్కడే నిలబడ్డావేం? రా."

వెళ్లి పక్కన కూలబడ్డాను. "పిన్నిగారూ, ఆ రోజు..." అన్నాను.

"వస్తావేమోనని ఇన్నేళ్లూ చూశానే" అన్నారావిడ, నెమ్మదిగా. "వస్తే నాలుగు తిట్టి, అన్నం పెట్టి పంపిద్దామనుకున్నాను. నువ్వు రాలేదు."

ఆ నాలుగు తిట్లూ ఇప్పుడైనా తిట్టమని అడగాలనిపించింది. అడిగే హక్కు లేదు. ఆవిడ నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. మగవాళ్లు పాడె సిద్ధమైందని చెప్పడానికి వచ్చినప్పుడు కూడా వదల్లేదు. రెండో చేత్తో మాత్రం, చలేస్తుందేమో అన్నట్టు, ఆయన పాదాల మీదికి దుప్పటి లాగుతూనే ఉన్నారు.