పెట్టెకు చెప్పకూడని మాట

మా అత్త కోయంబత్తూరులో తుపాకీ గొట్టాలు చేసే కంపెనీలో ఎగుమతి అనుమతులు చూసేది. ఇంట్లో మాత్రం, బయల్దేరే మనిషిని ‘యాడికి?’ అని ఎవర్నీ అడగనిచ్చేది కాదు; అపశకునమట. అలాంటిది, లారీ ఎక్కే ప్రతి గొట్టాల పెట్టె మీదా అరచెయ్యి ఆనించి తనే అడిగేది.

"యాడికి పోతావు? ఎవురి చేతిలో ఉంటావు? వాళ్లు నిన్ను ఇంకొకరికి ఇయ్యరు కదా?"

అనుమతి ఇచ్చే ముందు సర్కారు కంపెనీని అడిగే ప్రశ్నలే అవి. కొనే దేశం హామీ రాసిచ్చినా సరే, పెట్టెను కూడా అడిగితే తప్ప ఆవిడకు మనసొప్పేది కాదు.

ఒకసారి ప్యాకింగ్ చేసే అన్న, ఇంటి మనిషిని సాగనంపినట్టు పెట్టెను తట్టి "పొయ్యిరా" అన్నాడు.

అత్త ముఖం పాలిపోయింది. "వేణాం, వద్దన్నా! దాన్ని మళ్లా రమ్మనొద్దు."

ఆ పెట్టె తిరిగొచ్చింది. కొన్నవాళ్ల మీద అనుమానం వచ్చి సర్కారు అనుమతి రద్దు చేసి, తూత్తుకుడి రేవులోనే ఆపేసిందట. లారీ కంపెనీకి వచ్చేసరికి వాన కురుస్తోంది; ఆవేళ అత్తతో నేనూ అక్కడే ఉన్నాను. సీలు చెక్కుచెదరలేదు. అత్త తడిసిన చెక్క మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది.

"ఇప్పుడే పేల్చిన గొట్టం మాదిరి కాలతా ఉండాదే," అంది.

నేనూ పెట్టి చూశాను. చల్లగానే ఉంది.

అత్త అరచేతిలో మాత్రం బొబ్బ లేచింది.