గవాచి కింద కుట్టుమిషను

సూది నా ఎడమచేతి చూపుడువేలి గోరును చీల్చుకుని దిగిన సాయంత్రం మా ఆయన ఇంకా అంగడి నుంచి రాలేదు. నేనే మిషను చక్రాన్ని వెనక్కి తిప్పి వేలు విడిపించుకున్నాను. కుడుతున్నది పెళ్లికూతురి రవికె. దాని మీద నెత్తురు పడింది. వేలి సంగతి మరిచిపోయి, ముందు ఆ మరకను చన్నీళ్లలో ఉతికాను. అది పోయాకే వేలికి కట్టు కట్టుకున్నాను.

అరవైల మొదట్లో మాట ఇది. బళ్లారి కౌల్ బజార్‌లో, గుడ్డలంగళ్ల వెనక సందులో మాదొక మట్టిమిద్దె ఇల్లు. ముందుగదికి వీధివైపు కిటికీ, దాని కింద మా అత్త మంచం. నడిమింట్లో పట్టపగలు కూడా మసకే. అక్కడ చాప పరుచుకుని, చేతిమిషను ముందు వంగి కూర్చుని కుట్టేదాన్ని. మెడ దగ్గర మొదలైన నొప్పి భుజం మీదుగా మోచేతికి దిగేది. ఒక్కోసారి చెయ్యి మొద్దుబారి కత్తెర జారిపోయేది.

మా ఆయన వచ్చి నా వేలి కట్టు చూశాడు. నేరుగా తల్లి దగ్గరికి పోయాడు.

"మా, నీ మంచం నడిమింట్లోకి ఏస్తాం. మిషను కిటికీ కాడ పెట్టుకుంటాది."

"నన్ను చీకట్లోకి తోస్తాండావా? మోకాళ్లు పట్టుకున్నంక నేను యాడికన్నా పోతాండానా? నాకుండేది ఈ కిటికీ ఒగటే కదప్పా."

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. మరునాడూ అంతే. నేను కంచం తీసుకుపోతే గోడవైపు తిరిగి పడుకుంది. నాకు కోపంగా ఉండేది. ఎండిపోయిన ఆమె పెదాలు చూస్తే భయమూ వేసేది. చివరికి నేనే అన్నాను.

"కిటికీ అత్తకే ఉండనీ. నడిమింటి మిద్దెకు గవాచి కొట్టిద్దాం."

గవాచి అంటే వెలుతురు కోసం మిద్దెలో వదిలే కంత. వాన వస్తే పైన బండ మూస్తారు. మా వంటింటికి ఒకటి ఉండేది.

అత్త గభాల్న లేచి కూర్చుంది. "ఆ మిద్దె మీ మామ ఏసింది. దంతెలు పుచ్చుండాయి. తాకితే కూలుతాది. బేడ అంటాండా, వద్దు!" దంతెలంటే మిద్దె మన్నును మోసే అడ్డకట్టెలు.

అయినా మా ఆయన మేస్త్రిని పిలుచుకొచ్చాడు. అతను మిద్దె ఎక్కి కాలితో తట్టి చూశాడు. "ఏం గాదమ్మా, పదిలంగా తీస్తాం" అన్నాడు. నేను మిషనూ గుడ్డలూ ముందుగదిలోకి చేర్చాను. మా ఆయన కూడా పైకెక్కాడు. గడ్డపార పోటు పడినప్పుడల్లా కప్పు సందుల్లోంచి మన్ను జలజలా రాలింది. అత్త మంచం దిగి, గోడ పట్టుకుని, నడిమింట్లోకి వచ్చి నిలబడింది.

"అత్తా, బయటికి పోదాం రా."

"రాను. కూలితే నా మిందే కూలనీ."

పైన ఏదో ఫట్టుమంది. "కింద ఎవరుండారు? బయటికి పోండి!" అని మేస్త్రి కేక వేశాడు. ఒక దంతె నడిమికి వంగడం కళ్లారా చూశాను. అత్తా దాన్నే చూస్తోంది, కదలడం లేదు. కట్టున్న చేత్తోనే ఆమె నడుము చుట్టి లాగాను. ఇద్దరం ముందుగదిలో మంచం కోడు పక్కన పడ్డాం. వెనక మన్నూ కట్టెలూ ఒక్కసారిగా దిగాయి.

దుమ్ములో ఏమీ కనిపించలేదు. "పైన నా బిడ్డ ఉండాడే!" అని అత్త అరిచింది. నేనూ పిలిచాను. కాసేపటికి పైనుంచి దగ్గు వినిపించింది.

"ఈడే ఉండా మా. ఇద్దరం పిట్టగోడ మింద ఉండాం. ఏం గాలేదు."

అత్త నా చెయ్యి వదల్లేదు. కట్టంతా మళ్లీ నెత్తురైంది. ఆమె తన కొంగు చింపి దాని మీద చుట్టింది. ముడి వేసి, "సద్ది ఏమన్నా ఉండాదేమ్మే? ఇద్దరం తిందాం" అంది.

పుచ్చిన దంతెలన్నీ తీయించి కొత్తవి వేయించాం. గవాచి అనుకున్న దానికన్నా పెద్దదే పెట్టించాం. మా ఆయన తను పనిచేసే అంగడిలో మూలపడిన బల్లనూ కుర్చీనీ అడిగి తెచ్చాడు. వడ్రంగి బల్ల కాళ్లు కోశాడు. కుర్చీలో కూర్చుని చూస్తే భుజం ఇంకా పైకి లేస్తోంది. మళ్లీ కోయించాం. ఈసారి మోచెయ్యి బల్ల మీద హాయిగా ఆనింది. పాదాలు నేలకు అందకపోతే అత్తే తన పీట తోసి, "దీని మింద పెట్టుకో" అంది. మధ్యాహ్నం ఎండ సూది మీద మెరిసి కళ్లలో కొడితే, గవాచి కింద పాత పంచె అడ్డం కట్టాను.

అత్త మంచం ఎక్కడిదక్కడే ఉంది. నేను వెలుతురులో, వీపు ఆనించి కూర్చుని, చాలా ఏళ్లు కుట్టాను. మెడనొప్పి పూర్తిగా పోలేదు గానీ, చెయ్యి మొద్దుబారడం ఆ ఎండాకాలంలోనే తగ్గిపోయింది.