కోటు లేని బాపు

మా బిడ్డ తొమ్మిదో తరగతి సైన్సు చదువుతూ, "మార్ఫాలజీ, మెటమార్ఫసిస్... అన్నిట్ల మార్ఫ్ ఉన్నది డాడీ. గ్రీకుల గదంటే రూపమట!" అంది. ఆ మాట నేను మొదట విన్నది ఆరేళ్ల వయసులో, కోరుట్లలో మా ఇంటి గోడకున్న ఫోటో ముందు.

అందులో అమ్మ పక్కన బాపు నల్లకోటుతో నిలబడి ఉండేవాడు. నాకు ఊహ తెలియకముందే ఆయన దుబాయి వెళ్లాడు. "మీ బాపు గా ఫోటో దిగనే లేదురా. స్టూడియోల మార్ఫింగ్ జేసి అతికిచ్చిండ్రు," అని చిన్నాయన నవ్వాడు. ఆ రోజు నుంచి నాకు అన్నిటి మీదా అనుమానమే.

ఆ ఎండాకాలం బాపు సెలవు మీద వచ్చాడు. కోటు లేదు, నెత్తిన సగం జుట్టు లేదు.

"దా కొడుకా, గుర్తువట్టలేదా?"

"ఫోటోల లెక్క లేవు. నువ్వు గూడ మార్ఫింగే," అన్నాను.

అమ్మ చెయ్యెత్తింది. బాపు ఆపాడు. "కొట్టకు. పోరని తప్పేమున్నది?"

ఆయన తెచ్చిన చాక్లెట్లు అక్క తిన్నాకే తిన్నాను. రెండు నెలల్లో ఒక్కసారీ బాపూ అని పిలవలేదు.

తిరిగి వెళ్లే ముందు జగిత్యాల తీసుకెళ్లి అందరం కలిసి ఫోటో దిగేలా చేశాడు. "బాబూ, బాపు దిక్కు జరుగు," అని స్టూడియో ఆయన మూడుసార్లు చెప్పాడు. నేను కదల్లేదు.

"గట్లనే తియ్యి అన్నా," అన్నాడు బాపు. "ఉన్నది ఉన్నట్టే రానియ్యి."

ఆ ఫోటోలో మా ఇద్దరి మధ్య జానెడు ఖాళీ ఉంది. అది వదిలింది నేనే.