పలమనేరులో లినక్స్ తీసేసిన మధ్యాహ్నం

కంప్యూటరు బాగుచేసేవాడికి ఆ రోజుల్లో మా తిరుపతి వైపు దొరికిన మర్యాద ఇప్పుడు గుండె డాక్టరుకు కూడా దొరకడం లేదని నా అభిప్రాయం. మనం గడప దగ్గర కనిపించగానే ఫ్యాను మనవైపు తిప్పేవారు. పిల్లల్ని వీధిలోకి తరిమేవారు. ఇంటాయన మన వెనకాల చేతులు కట్టుకుని నిలబడి, మనం మౌసు కదిలిస్తే ఊపిరి బిగబట్టి, వదిలేస్తే ఊపిరి వదిలేవాడు. ఇంత గౌరవం మధ్య ఇరవై మూడేళ్ళ వాడికి తనకు తెలియనిది లోకంలో ఉందన్న అనుమానం ఎలా వస్తుంది చెప్పండి? నాకూ రాలేదు. నేను చదివింది ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు (అందులో ఒక నెల మాస్టారికి కామెర్లు), చేసేది బస్టాండు దగ్గర ఒక చిన్న షాపులో ఉద్యోగం. అయినా చుట్టాలందరికీ నేను ‘ఇంజినీరు’నే. ఆ పిలుపును నేనెన్నడూ ఖండించిన పాపాన పోలేదు.

అలాంటి రోజుల్లో పలమనేరు నుంచి మా చిన్నమ్మ షాపుకు ఫోను చేసింది. వాళ్ళ వీధిలో పాలకేంద్రం నడిపే పెద్దాయన ఒకరున్నారు. ఊళ్ళోవాళ్ళు పొద్దునా సాయంత్రం క్యాన్లలో పాలు తెచ్చి పోస్తే, ఆయన తూచి, వెన్న శాతం చూసి, కంప్యూటరులో ఎక్కించి, చీటీ ఇస్తాడు. ఆ కంప్యూటరులో విండోస్‌తో పాటు లినక్స్ అని ఇంకో సిస్టమ్ కూడా ఉంది. తిరుపతిలో ఎంసీఏ చదివే ఆయన కూతురు తన చదువు కోసం వేసుకుంది. ఇప్పుడు దాన్ని తీసెయ్యాలట.

“ఆదివారం వచ్చి తీసేసి పోరా. మంచి సొక్కా ఏసుకోని రా,” అంది చిన్నమ్మ.

“కంప్యూటర్ పనికి మంచి చొక్కా ఎందుకు చిన్నమ్మా? అంతా దుమ్ము.”

“చెప్పింది ఇనరా. గడ్డం గూడా గీసుకో.”

ఇంజినీరు హోదాకు తగ్గట్టు ఉండాలని ఆమె తాపత్రయం కాబోలు అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో ఒక ఫ్లాపీ, చేతిలో స్క్రూడ్రైవర్ల సంచీ పెట్టుకుని బస్సెక్కాను. చిత్తూరు దాటి మొగిలి ఘాటు ఎక్కేసరికి చల్లగాలి తగిలి, నా మీద నాకున్న సదభిప్రాయం ఇంకొంచెం పెరిగింది.

పాలకేంద్రం అంటే పెద్దాయన ఇంటి ముందు గదే. నేను వెళ్ళేసరికి పొద్దుటి పాలు అయిపోయి, గది కడిగి ఉంది. పెద్దాయన మంచి ఆజానుబాహువు, మాట మాత్రం మెత్తన. కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టి తన కష్టం చెప్పుకున్నాడు.

“పొద్దున్నే ఇది ఆన్ చేస్తే నేరుగా పనిలేకి పోదబ్బా. నల్ల తెర మీద రెండు పేర్లేసి, ఏది కావాల అని అడుగుతాది. అడిగి ఊరికే ఉంటాదా? పది, తొమ్మిది, ఎనిమిది అని ఎంచుతాది. ఆ లోపల కిందికి బాణం నొక్కి ఎంటర్ కొట్టాల. నా చేతులేమో పాలల్లో ఉంటాయి. తుడుచుకోని వచ్చేలోపల అది మా పాప లినక్సులేకి పోయింటాది. మళ్ళా ఆపు, మళ్ళా ఆన్ చెయ్యి, మళ్ళా ఎంచు. వాకిట్లో పాలోళ్ళు క్యాన్లు పెట్టుకోని సూస్తాంటారు. నాకు దాంతో పందెం ఏందబ్బా, ఈ వయసులో?”

“తీసేద్దాం సార్. ఇరవై నిమిషాల పని,” అన్నాను. నా అసలు అంచనా పది నిమిషాలే. మరీ తక్కువ చెబితే పనికి విలువ ఉండదని మా ఓనరు నేర్పిన పాఠం.

అప్పుడే లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పెద్దాయన అక్కగారట. నన్ను పాదాల నుంచి పాపిడి దాకా ఒకసారి చూసి, “సార్ ఏందబ్బా సార్? ఈడ అందురూ మనోళ్ళే. మామా అని పిలువు,” అంది. పలమనేరులో పద్ధతి ఇలా ఉంటుంది కాబోలనుకుని మామా అన్నాను. ఆమెకు చాలా సంతోషమైంది. ఆ సంతోషంలో మా నాయన ఏం చేస్తాడు, మాకు ఎంత చేను ఉంది, బోరులో నీళ్ళున్నాయా, నాకు సిగరెట్ అలవాటుందా, కండ్లద్దాలు లేకుండా క్యాలెండరు చదవగలనా అని వరసగా అడిగింది. గోడ మీది క్యాలెండరు చదివించింది కూడా. కంప్యూటరు అప్పగించే ముందు మనిషి ఎలాంటివాడో కనుక్కోవడం న్యాయమే కదా అనిపించింది నాకు. (మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. నా బుర్రంతా కంప్యూటరులో ఉంది.)

భోజనం చేసేదాకా కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, పైన పాయసం. ఒక సిస్టమ్ తీసేసేవాడికి పాయసం పోసిన ఇల్లు నా ఉద్యోగ జీవితంలో అదొక్కటే. వడ్డించింది ఆ ఎంసీఏ చదివే అమ్మాయి. సన్నగా, పొడుగ్గా, మనిషిని సూటిగా చూసే అమ్మాయి. తిన్నాక నేను కంప్యూటరు ముందు కూర్చుంటే ఆమె వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది.

“నా ప్రాజెక్టు సీడీలోకి ఎక్కించుకున్నా. తీసేసేదానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ…” అంది.

“మీరేం కంగారు పడకండి మేడం. మీ నాయన ఫైళ్ళు ఒక్కటి కూడా పోవు.”

“అది కాదండీ. మొదట బూట్ లో…”

“తెలుసు మేడం. ఇలాంటివి షాపులో రోజూ చేస్తుంటాం,” అన్నాను. (లినక్స్ ఉన్న కంప్యూటరు నా కంట పడటం అదే మొదలు.) ఆమె మొహంలో చిన్న నవ్వు లాంటిది కనిపించింది. అది మెచ్చుకోలే అని లెక్కవేసుకున్నాను.

పని మాత్రం నిజంగానే సులువుగా అయింది. లినక్స్ ఉన్న భాగమేదో కనుక్కున్నాను, తీసెయ్యమన్నాను, నిజంగా తీసెయ్యాలా అని అడిగింది, నిజంగానే అన్నాను. పోయింది. వేళ్ళు విరుచుకుని, వెనక్కి వాలి, “అంతే మామా,” అన్నాను. పెద్దాయన అక్కగారు “బంగారు చేతులు” అంది. అదే ఊపులో, అందరూ చూస్తుండగా, కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ చేశాను.

నల్ల తెర వచ్చింది. రెండు పేర్లు లేవు, ఎంచడం లేదు. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన ఎర్రర్ అనే మాట, ఒక అంకె. అంతే. కింద తెల్ల గీత ఒకటి టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది.

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని కూడబలుక్కుని చదివాడు. “జీ, ఆర్, యూ, బీ. ఏందబ్బా ఇది? గబ్బా?”

“గ్రబ్ మామా.”

“అదేలే. ఇంతకు ముందు ఈ గబ్బు లేదే.”

“మొదటిసారి ఇట్లాగే వస్తుంది,” అన్నాను. ఆపి ఆన్ చేశాను. రెండోసారీ ఇట్లాగే వచ్చింది. మూడోసారి కూడా. అప్పుడు నేను, దారి తోచని ప్రతి హార్డ్‌వేరు మనిషీ చేసే పని చేశాను. పెట్టె మూత విప్పాను. బ్రష్షుతో దుమ్ము తుడిచాను, నోటితో ఊదాను, తీగలన్నీ పీకి మళ్ళీ గుచ్చాను. మూత విప్పి ఉన్నంతసేపు ఎవరూ ప్రశ్నలు అడగరు. అది మా వృత్తికి దేవుడిచ్చిన వరం. కానీ ఎంతసేపని ఊదుతాం? ఈలోగా సాయంత్రం పాల వేళ అయింది.

వాకిట్లోకి క్యాన్లు రావడం మొదలైంది. సైకిళ్ళ మీద కొందరు, నెత్తిన పెట్టుకుని కొందరు. కంప్యూటరు పెట్టినప్పటి నుంచీ వాళ్ళందరికీ అచ్చు వేసిన చీటీ అలవాటైపోయింది. చేత్తో రాసిస్తానని పెద్దాయన ఎంత చెప్పినా ఒక్కరూ ఒప్పుకోలేదు.

“చేత్తో రాస్తే నా గేది పాలు ఎప్పుడూ పలసగానే వస్తాయి గదన్నా. మిషన్ సీటీ వచ్చినంక పోస్తాం,” అన్నాడొకాయన. తలపాగా ముసలాయన ఒకరు లోపలికి తొంగిచూసి, విప్పి ఉన్న పెట్టెను, దాని ముందు చెమటలు కక్కుతున్న నన్ను చూసి, “దిష్టి తగిలింటాది. నిమ్మకాయ కట్టండప్పా,” అని సలహా ఇచ్చాడు. వీధికి అవతల కొత్తగా ఇంకో పాలకేంద్రం పెట్టారు. ఒక సైకిలు మెల్లగా అటు తిరిగింది. దాని వెనక ఇంకొకటి. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. వాకిట్లోకి వెళ్ళి, “రెండు నిమిషాలు ఆగండ్రా, తిరుపతి నుంచి ఇంజినీరే వచ్చినాడు,” అని బతిమాలుతున్నాడు. ఆ మాట వింటుంటే, జీవితంలో మొదటిసారి నాకు ఇంజినీరు అన్న పిలుపు చెవిలో గుచ్చుకుంది.

ఇక మిగిలింది మా షాపులో సర్వరోగనివారిణి: మొత్తం తుడిచేసి విండోస్ మళ్ళీ ఎక్కించడం. ఫ్లాపీ పెట్టి ఆన్ చేశాను. ఫార్మాట్ అని కొట్టాను. అన్నీ పోతాయి, సరేనా అని అడిగింది. నా వేలు వై అక్షరం మీద ఉంది.

“ఆగండి,” అంది తలుపు దగ్గరి నుంచి ఆ అమ్మాయి. అంత మెత్తని ఇంట్లో అంత గట్టి మాట అదొక్కటే విన్నాను. “పాల లెక్కల ప్రోగ్రాం దాంట్లోనే ఉండాది. అది ఎక్కించేదానికి బెంగుళూరు నుంచి మనిషి రావాల. రెండేండ్ల లెక్కలు పోతాయి.”

వేలు తీసేశాను. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, “అదే ఆలోచిస్తున్నా,” అన్నాను.

“కొంచెం జరుగుతారా?”

జరిగాను. ఆమె కూర్చోకుండానే, నిలబడే, వంగి, ఫార్మాట్ వద్దని చెప్పి, ఒకే ఒక్క ముక్క కొట్టింది. ఎఫ్ డిస్క్, గీత, ఎం బీ ఆర్. ఎంటర్ కొట్టింది. తెర మీద ఏమీ రాలేదు. అయిందని లేదు, కాలేదని లేదు.

“ఏమీ కాలేదే?” అన్నాను.

“ఏమీ చెప్పకపోతే అయినట్టే,” అంది. ఫ్లాపీ బయటకు తీసి నా చేతికిచ్చింది. “మీరు ఇంటోళ్ళను ఖాళీ చేయించినారు. వాళ్ళు పెట్టిన గ్రబ్ అనే వాచ్‌మన్ మాత్రం గేటు దగ్గరే ఉండిపోయినాడు. ఎవురొచ్చినా ఆ ఇంటికే దారి సూపించబోతాడు, ఆడ ఇల్లు లేదు. అందుకే నిలబడిపోయినాడు. ఇప్పుడు ఆయప్పను గూడా మార్చినాము. అంతే.”

కంప్యూటరు ఆపి ఆన్ చేసింది. నల్ల తెర లేదు, ప్రశ్న లేదు. మబ్బుల బొమ్మ వచ్చింది, ఆ వెనకే విండోస్ పాట మోగింది. ఆ పాట ఇంత మధురమైనదని నాకు అంతవరకూ తెలియదు. వాకిట్లోంచి పెద్దాయన పరుగున వచ్చాడు.

“అయిందా అబ్బా?”

గదిలో ఇద్దరం ఉన్నాం. ఆయన నన్నే అడుగుతున్నాడు. ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. అప్పుడు నా నోట్లోంచి, నేను అడ్డుపడేలోగా, ఒక మాట దానంతట అదే బయటకు వచ్చింది.

“అయింది మామా. నేను మొదటి నుంచీ అదే చేద్దామనుకుంటున్నా.”

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పెద్దాయన నా భుజం తట్టి, వాకిట్లోకి తిరిగి, “రాండ్రా, చీటీలొస్తాయి!” అని కేకపెట్టాడు. అవతలికి తిరిగిన సైకిళ్ళు కూడా ఇటు తిరిగాయి. వెళ్ళేటప్పుడు నాకు ఒక చెంబు నిండా కాచిన పాలు ఇచ్చారు, తాగేసే దాకా కదలనివ్వలేదు.

చిన్నమ్మ ఇంటికి వెళ్ళగానే ఆమె కాఫీ గ్లాసు చేతిలో పెట్టి, “ఎట్లుండాది?” అంది.

“బాగైపోయింది చిన్నమ్మా. బూట్ రికార్డు చిన్న సమస్య.”

“కంప్యూటర్ కాదురా ఎర్రినాయనా! పాప ఎట్లుండాది?”

నేను గ్లాసు కింద పెట్టాను. ముందే చెబితే బిగుసుకుపోతానని, పని వంకతో పిలిపించారట. చూపులు చూడటానికి నేను పోలేదు, వాళ్ళు నన్ను చూశారు. ఆ పిల్ల, లినక్స్ నేనే తీసేస్తాను, ఆ మాత్రం నాకు రాదా అని గోల చేసినా, వంక కోసమని ఆమెను ముట్టుకోనివ్వలేదట. అంటే నాకు జరిగింది పెళ్ళిచూపులే కాదు, పరీక్ష కూడా. పరీక్ష పెట్టిన అమ్మాయికి జవాబు ముందే తెలుసు.

నాలుగు రోజుల తర్వాత షాపుకు చిన్నమ్మ ఫోను వచ్చింది. పెద్దాయనకు నేను నచ్చానట. అక్కగారికైతే మరీ. “పాప మాత్రం వద్దనింది,” అంది చిన్నమ్మ.

“పని చెడగొట్టానని చెప్పిందా?”

“ఆ ఊసే ఎత్తలేదంట. పిల్లోడు మంచోడే, కానీ ఆయప్పకు అన్నీ తెలుసంట, ఇంక నాకు తెలిసింది ఎవురికి చెప్పుకునేది అనిందంట. ఏందిరా ఆ మాటకు అర్థం?”

“జాతకాలు కుదరలేదని అర్థం చిన్నమ్మా,” అని ఫోను పెట్టేశాను. మా ఇంట్లోనూ అదే చెప్పాను.

ఆ అమ్మాయి తర్వాత బెంగుళూరులో మంచి ఉద్యోగంలో చేరిందని విన్నాను. నాకూ పెళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఈ కథ మా ఆవిడకు చెప్పాను. “బతికిపోయింది మహాతల్లి,” అని ఒక్క మాటలో తేల్చేసింది. ఇప్పుడు నాకు తెలియనివి చాలా ఉన్నాయి, అవి తెలియవని చెప్పడం కూడా బాగానే అలవాటైంది. ఫోనులో కొత్తది ఏదొచ్చినా మా అమ్మాయినే అడుగుతాను. ఆమె విసుక్కుంటూనే చెబుతుంది. అయినా ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాడి మీద నాకు కోపం రాదు. ఆరు నెలల చదువుతో ఏ ఊరి బస్సయినా ఎక్కేసే ధైర్యం మళ్ళీ నాకు దొరకలేదు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ పాలగదిలోకి మెల్లగా వెళ్ళి, ఊదీ ఊదీ బుగ్గలు వాచిన వాడి చెవిలో, “అడగరా నాయనా, తలుపు దగ్గరే నిలబడి ఉంది, ఒక్క మాట అడుగు,” అని చెప్పి రావాలని. చెప్పినా లాభం లేదు. వాడు నన్ను తలెత్తి కూడా చూడడు. “తెలుసులెండి సార్” అంటాడు.