ఆయన తల మీది సీరియల్

మా ఆయన ఇళ్లకు రంగులు వేస్తారు. పైకప్పుకు వేసేటప్పుడు చుక్కలు జుట్టు మీద పడకుండా, పొద్దున్నే పేపరులోంచి ఒక కాగితం లాగి టోపీ మడుచుకుంటారు. ముప్పై ఏళ్లుగా ఆ లాగేది సరిగ్గా నేను చదివే సీరియల్ నవల వచ్చే కాగితమే!

మొన్న ఒళ్లు మండి, చేత్తో టోపీలు కుట్టే ఆవిడ దగ్గరికి ఆయన్ని తీసుకెళ్లాను. ఆవిడ టేపు పట్టుకోగానే ఆయన బుద్ధిగా తల వంచారు. నాకు నవ్వు ఆగలేదు. పెళ్లయిన కొత్తలో సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలో అలాగే తల వంచేవారు. నేను ఆ కాగితం టోపీ చుట్టూ తిరుగుతూ, రంగు చుక్కల సందుల్లో ఆ రోజు భాగం చదివేదాన్ని. పిల్లలు పుట్టాక ఆ తీరిక ఎక్కడిది?

మర్నాడు ఆవిడ కుట్టిచ్చిన నీలం గుడ్డ టోపీ పెట్టుకుని దర్జాగా పనికెళ్లారు. నేను కాలు మీద కాలేసుకుని పేపరు తెరిచాను. సీరియల్ కాగితం లేదు!

సాయంత్రం వచ్చారు. గుడ్డ టోపీ మీద కాగితం టోపీ.

"ఇదేంటండీ?"

"నువ్వు కొనిచ్చిన టోపీ మీద రంగు పడనిస్తానా?" అంటూ గుమ్మంలోనే తల వంచారు.

కళ్లజోడు తెచ్చుకుని, ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.