గోడ దాటిన గోల్ఫు బంతి

ఎండలు తగ్గేదాకా మద్రాసు వెళ్లి గోల్ఫు ఆడటం కుదరదు. అందుకని ఇంజినీరైన మా ఆయన ఈ వేసవంతా నరసరావుపేట ఇంటి పెరట్లోనే కర్ర తిప్పడం సాధన చేస్తున్నారు. కర్ర పట్టు, కాళ్ల నిలకడ, తల కదలకుండా ఉంచడం, రోజూ ఇవే పాఠాలు.

ఈ సాయంత్రం బంతి పెట్టి కొడితే ప్రతిసారీ మట్టే లేచింది.

"తల ఎత్తుతున్నారండీ" అన్నాను, అరుగు మీద కందిపప్పు చెరుగుతూ.

"అంత తెలిస్తే నువ్వే కొట్టు" అని విసుగ్గా కర్ర నా చేతికిచ్చారు.

కొంగు బిగించి, ఆయన రోజూ నిలబడే తీరులోనే నిలబడి కొట్టాను. బంతి గోడ దాటి పోయింది. ఆయన కర్ర నా చేతిలోంచి తీసుకున్నారు. తర్వాత "పట్టు సరిగ్గా లేదు" అన్నారు.

ఇంతలో పక్కింటి ఖాశింబీ అక్క బంతి పట్టుకుని గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏంది సారూ, ఎండబోసిన మిరపకాయల్లో వచ్చి పడింది. ఎవరు కొట్టారు?"

తనే కొట్టానంటారనుకున్నాను. అక్క కూడా ఆయన వంకే చూస్తోంది.

"మా ఇంట్లో ఆమె" అన్నారు ఆయన, బంతి అందుకుంటూ.

అక్క నమ్మినట్టు లేదు గానీ, మిరపకాయలను మాత్రం గోడకు దూరంగా జరుపుకుంది.

మీ ఇంటాయన అయితే ఎవరు కొట్టారని చెప్పేవారు?